ఎడమ లోయకు వెళ్ళే సగం రైలు

మా హాల్లో టీవీకీ నా భార్య కుర్చీకీ మధ్య ఉన్న దూరాన్ని ప్రతి జనవరి ఒకటో తేదీన టేపుతో కొలిచి డైరీలో రాస్తాను. మొదటిసారి కొలిచినప్పుడు ఆరున్నర అడుగులు. మరుసటి ఏడు ఎనిమిది. ఇంకొన్నేళ్ళకు పదిన్నర. నిరుడు పదమూడు అడుగుల రెండంగుళాలు. కుర్చీని వెనక్కి జరిపేది నేను కాదు. తెర అంచులు చూపులోంచి జారిపోయినప్పుడల్లా ఆమే లేచి, రెండు చేతులతో కుర్చీని పట్టుకుని, నేలమీద గీరుకోకుండా కొంచెం ఎత్తి, వెనక్కి పెట్టుకుంటుంది. హామిల్టన్‌లో మేముంటున్న ఈ ఇంట్లో హాలు పొడవు పదిహేను అడుగులు. ఆ తరువాత గోడ.

ఆమె కంటి జబ్బు చూపును అంచుల నుంచి తినుకుంటూ లోపలికి వస్తుంది. చుట్టిన కాగితపు గొట్టంలోంచి చూస్తే ఎలా ఉంటుందో ఆమెకు లోకం అలా ఉంటుంది. గొట్టంలో పడినంత మేర అంతా స్పష్టం. ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తుంది. కానీ కంచం పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు కనబడదు. పన్నెండేళ్ళు ఒక ఫార్మసీలో మాత్రలు లెక్కపెట్టి సీసాల్లో పోసే పని చేసింది. ట్రే అంచున ఒక మాత్ర మిగిలిపోవడం, అది రెండోసారి జరగడం, మూడోసారి జరగకముందే తానే మానుకోవడం, అన్నీ మూడు వారాల్లో అయిపోయాయి. చీకటి పడితే ఆ గొట్టంలో కూడా ఏమీ మిగలదు.

సెప్టెంబరు 9న డాక్టరు పరీక్షలన్నీ చేసి, చూపు వెడల్పు పది డిగ్రీలకు తగ్గిందని చెప్పారు. అంతకుముందు పదమూడు. వచ్చే ఏడాది ఎంత ఉంటుందని అడిగాను. చెప్పలేమన్నారు. చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే వాయిదా వేసుకోవద్దన్నారు. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. డాక్టర్లు ఏ మాట ఎప్పుడు అంటారో నాకు తెలుసు.

కార్లో కూర్చున్నాక ఆమె బెల్టు పెట్టుకుంది. హైవే ఎక్కబోతుండగా అంది:

"ఏమండీ, ఆ పాట."

ఏ పాటో చెప్పనక్కర్లేదు. ఆమెకు పదిహేడేళ్ళప్పుడు వచ్చిన సినిమా అది. ఒక్క పాట కోసం, వాళ్ళ వదినను బతిమాలి వెంట తీసుకెళ్ళి, బాల్కనీలో కూర్చుని నాలుగుసార్లు చూసిందట. పాట చివర పసుపు చీర కట్టుకున్న కథానాయిక మంచుకొండ ముందు, ఒక చెక్క బెంచీ పక్కన నిలబడి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. అక్కడితో పాట అయిపోతుంది.

"ఆ బెంచీ దగ్గర నేనూ అలా ఒక్కసారి తిరగాలి. కళ్ళుండగానే."

"అలా అనకు," అన్నాను.

"మరెలా అనాలి? పది డిగ్రీలుండగానే అనాలా?"

మా ఇంట్లో డిగ్రీలున్నాయి, అడుగులున్నాయి. అసలు మాట లేదు. దాన్ని ఎవరూ అనకూడదని నేనెప్పుడూ చెప్పలేదు గాని, ఎవరూ అనకుండా చూసుకున్నాను.

ఆరు వారాల్లో ప్రయాణం సిద్ధం చేశాను. పాట నిడివి నాలుగు నిమిషాల నలభై సెకన్లు. మన పాటల్లో చరణం మారితే దేశం మారుతుంది. పల్లవి ఇటలీలో ఒక సరస్సు ఒడ్డు మెట్ల మీద, మొదటి చరణం ఆస్ట్రియాలో ఒక చౌరస్తాలో, రెండోది స్విట్జర్లాండ్‌లో. పాటను ఆపి ఆపి చూస్తూ, చర్చి గోపురాలనూ కొండల ఆకారాలనూ మ్యాపులతో పోల్చుకుంటూ ఏడు చోట్లు పట్టుకున్నాను. అన్నీ రైలు మీదే. ప్రతి రైలు బయలుదేరే సమయం, చేరే సమయం, ప్లాట్‌ఫారం, మధ్యలో ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుంది, దిగిన చోటి నుంచి ఆమె నడకకు ఎన్ని నిమిషాలు, అంతా నోటుబుక్కులో గళ్ళు గీసి రాశాను. ఆమె ఆ పుస్తకాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని మొదటి పేజీ గడులు చూసి, "రైల్వే మంత్రిగారూ, బాత్రూముకి ఎన్ని నిమిషాలు రాశారు?" అని అడిగింది. దానికీ ఒక గడి ఉంది. చూపించాను.

అక్టోబరు 24న బయలుదేరాం. ఇటలీలో కథానాయకుడు మూడు మెట్లు ఎక్కి నాలుగో మెట్టు మీద కాలు పెట్టేసరికి అతను ఆస్ట్రియాలో ఉంటాడు. మాకు మధ్యలో రెండు రైళ్ళు మారి తొమ్మిది గంటలు పట్టింది. "ఒక్క మెట్టుకి ఇంత ఓపికా పాపం," అని ఆమె దారంతా అతని మీద జాలిపడుతూనే ఉంది.

ఆస్ట్రియా చౌరస్తాలో ఒక పాలరాతి ఫౌంటెను ఉండాలి. చుట్టూ తిరిగి తిరిగి వెతికాను. చివరికి చౌరస్తా నడిమధ్యన నిలువెత్తు చెక్కపెట్టె ఒకటి కనబడింది. చలికి రాయి పగలకుండా శీతాకాలం ముందే ఫౌంటెనుకు చుట్టూ చెక్కలు బిగించేస్తారట. అన్ని రైళ్ళ సమయాలూ రాసుకున్నవాణ్ణి, ఇది కనుక్కోలేదు. ఆమె చెక్కల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"లోపల ఉందిగా," అంది. "నాకు సగం ఊరు అలాగే ఉంటుంది. ఉందని తెలుస్తుంది, అంతే."

ఫోటోల సంగతి ఇక్కడే చెప్పాలి. కొండ ముందు నిలబెడితే ఆమెకు కొండ కనబడదు, కొండలో ఒక ముక్క కనబడుతుంది. అదే కొండను ఫోన్లో తీసి చేతికిస్తే, చేయి చాచి పట్టుకుని, ఆ ఆరంగుళాల్లో పూర్తిగా చూసుకుంటుంది. కొండకు ఎదురుగా నిలబడి, తల వంచుకుని, ఫోన్లో కొండను చూసే మనిషిని దారిన పోయేవాళ్ళు వింతగా చూసేవారు. మా అమ్మాయి వాళ్ళమ్మకు కొనిచ్చిన ఫోన్లో కెమెరా మంచిది, ఎక్కువ వెడల్పు పడుతుంది. అందుకని ఫోటోలన్నీ ఆమె ఫోన్లోనే తీసేవాణ్ణి. అది ఎక్కువ సేపు నా దగ్గరే ఉండేది. పాస్‌పోర్టులు, టికెట్లు కూడా పోకుండా ఉండాలని నా వీపు సంచిలోనే పెట్టుకున్నాను. తెల్ల కర్ర మాత్రం హోటల్లో సూట్‌కేసు అడుగున ఉంది. హామిల్టన్‌లో మనవాళ్ళ ఫంక్షన్లలో ఆమె దాన్ని బయటికి తీయదు. ఎవరూ ఎరగని దేశంలోనైనా తీయమని నేను అడగలేదు.

నవంబరు 1 చివరి రోజు, బెంచీ రోజు. మరునాడు ఉదయమే జ్యూరిక్ నుంచి విమానం.

ఆ రైలు కింది ఊళ్ళో ఒకే రైలుగా బయలుదేరుతుంది. రెండు నదులు కలిసే చోట చిన్న జంక్షన్ ఉంది. అక్కడ రైలు రెండుగా విడిపోతుంది. ముందు సగం కుడి లోయకు, వెనక సగం ఎడమ లోయకు. బెంచీ ఉన్నది ఎడమ లోయ చివరి స్టేషన్లో. ఇదంతా నాకు తెలుసు. అందుకే వెనక సగంలో, చివరి నుంచి మూడో పెట్టెలో, ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాం. పెట్టె నెంబరు కూడా రాసుకున్నాను. 3.35కు రైలు కదిలింది.

జంక్షనుకు కొంచెం ముందు ఒక ఇనుప వంతెన వస్తుంది. పాటలో రెండో చరణం దాని మీదే మొదలవుతుంది. రైలు ముందు నుంచి తీశారు. ఆమె ఆ మాటే అంది.

"వంతెన ముందు నుంచి కనబడితే తీసుకురండి. ఇక్కణ్ణించి నాకు కిటికీ తప్ప ఏమీ కనబడదు."

రెండు సగాల మధ్య లోపల దారి లేదు. మొదటి స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫారం మీద ముందుకు పరుగెత్తి, ముందు సగం ఎక్కాలి. నా పుస్తకంలో జంక్షన్ గడిలో "ఆగును: 5 ని." అని ఉంది. తిరిగి రావడానికి రెండు నిమిషాలు చాలు. "కదలకు, వచ్చేస్తాను," అన్నాను.

"ఎక్కడికి కదులుతాను? వెళ్ళిరండి."

మాకొక నియమం ఉంది. రెండేళ్ళ కిందట హామిల్టన్‌లో ఒక మాల్‌లో విడిపోయి, నన్ను వెతుక్కుంటూ ఎస్కలేటరు దగ్గర పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ రాత్రి చెప్పాను: విడిపోతే నువ్వు ఉన్నచోటే ఉండు, నేను వస్తాను. చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పారని నవ్వింది గాని, అప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు.

వంతెన బాగా వచ్చింది. నలభై సెకన్లు తీశాను. రైలు జంక్షన్లో ఆగింది. వెంటనే దిగవలసింది. సరిగా పడిందో లేదో చూద్దామని అక్కడే నిలబడి ఒకసారి వేసి చూశాను. వంతెన మొత్తం పడింది, ఆమె చేతిలో పెట్టగానే ఏమంటుందో కూడా అనుకున్నాను. తలెత్తేసరికి తలుపు మూసుకుంటోంది. బొత్తాం నొక్కాను. అందులో వెలుగు లేదు. రైలు కదిలింది. కిటికీలోంచి వెనక సగం కనబడింది. కదలకుండా, పొడుగ్గా, తలుపులన్నీ తెరుచుకుని అక్కడే నిలబడి ఉంది.

ఐదు నిమిషాలు నిజమే. అవి వెనక సగానివి. ముందు సగం రెండు నిమిషాలకే వెళ్ళిపోతుంది. నేను రాసుకున్నది మేము కూర్చున్న సగం లెక్క. అందులోంచి లేచి వెళ్ళిన మనిషి లెక్క ఎక్కడా రాయలేదు.

నా సంచిలో ఆమె ఫోన్, ఆమె పాస్‌పోర్టు, ఆమె టికెట్టు. ఆమె దగ్గర ఒక నీళ్ళ సీసా, ఆవకాయ రాసిన బ్రెడ్డు ముక్కలున్న స్టీలు డబ్బా. సూర్యాస్తమయం 5.08కి. కొండల మధ్య అంతకంటే ముందే చీకటి పడుతుంది.

నేనెక్కిన సగంలో డ్రైవరు తప్ప రైలువాళ్ళెవరూ లేరు. కుడి లోయ చివరి స్టేషనుకు 3.58కి చేరింది. తిరుగు రైలు 4.08కి. ఆ పది నిమిషాలు ప్లాట్‌ఫారం మీద నడిచాను. వాటర్లూలో చదువుకుంటున్న అమ్మాయికి ఫోన్ చేశాను. మేము ఎక్కడున్నామో చూసుకోవడానికి మా ఇద్దరి ఫోన్లలోనూ ఏదో యాప్ పెట్టింది తను. ఆ వారం అక్కడికీ ఇక్కడికీ ఐదు గంటలే తేడా. అక్కడ ఉదయం పదకొండు.

"అమ్మ వేరే రైల్లో వెళ్ళిపోయింది," అన్నాను.

"వాట్? నో నాన్నా, యూ ఆర్ టుగెదర్. ఐ కెన్ సీ. రెండు డాట్సూ ఒక్కచోటే ఉన్నాయి."

"రెండు ఫోన్లూ నా దగ్గరే ఉన్నాయి."

తను మెల్లగా అంది: "ఓకే. ఓకే. దెన్ డోంట్ మూవ్, నాన్నా. జంక్షన్‌లో వెయిట్ చెయ్యి. ఇట్స్ యువర్ రూల్."

"ఆ రూల్ అమ్మకి. నాకు కాదు."

"దెన్ హూ ఈజ్ ఇట్ ఫర్?" అంది. ఫోన్ పెట్టేశాను.

4.18కి జంక్షన్లో దిగాను. ఎడమ లోయకు వెళ్ళే తరువాతి రైలు అప్పటికే పక్క పట్టాల మీద ఉంది, 4.21కి బయలుదేరుతుంది. మూడు నిమిషాలు. ఆమె రైలు చివరి స్టేషను దాకా వెళ్ళి, 4.42కి మళ్ళీ ఈ జంక్షనుకే వస్తుంది. ఆ గడి నా పుస్తకంలోనే ఉంది. పుస్తకం నా చేతిలోనే ఉంది. ఇక్కడే నిలబడితే చాలునని తెలుసు. అయినా నాకు కనబడుతున్నది గడి కాదు. చివరి స్టేషన్లో అందరూ దిగిపోతున్నారు, ఎవరో ఆమెను దింపేశారు, ప్లాట్‌ఫారం అంచు ఎక్కడుందో ఆమెకు తెలియడం లేదు, వెలుగు తగ్గిపోతోంది. కాళ్ళు ఆగలేదు. ఎక్కేశాను.

అది ఒంటి పట్టా దారి. మధ్యలో ఒకచోట మాత్రం రెండు పట్టాలుంటాయి; ఎక్కే రైలూ దిగే రైలూ అక్కడ తప్పుకుంటాయి. 4.31కి మా రైలు అక్కడ ఆగింది. పైనుంచి వచ్చే రైలు మెల్లగా వచ్చి మా పక్కన నిలిచింది. లోపల దీపాలు వేసి ఉన్నాయి. ఒక్కొక్క కిటికీ చూసుకుంటూ పోయాను. నాలుగో కిటికీలో ఆమె ఉంది.

అదే సీటు. రైలు దిశ మారింది గాని ఆమె మారలేదు. ఇప్పుడు వెనక్కి ప్రయాణం చేస్తోంది. స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, ఎదుటి ఖాళీ సీటును చూస్తోంది. మా మధ్య రెండు అద్దాలు, నాలుగడుగుల చీకటి. నేను అద్దం మీద కొట్టాను. అరిచాను. నా రైల్లో అందరూ తలతిప్పి చూశారు. ఆమె రైల్లో ఎవరో ఒకాయన కూడా నా వైపు చూశాడు. ఆమె చూడలేదు. తల ఇంకొంచెం తిప్పి ఉంటే నేను ఆ పది డిగ్రీల్లో పడేవాణ్ణి. తిప్పడానికి ఆమెకు కారణం లేదు. ఆ పక్కన ఏదో ఉందని ఆమెకు తెలియదు.

ఎనిమిదేళ్ళుగా ఆమె చూపును కొలుస్తున్నాను. అడుగుల్లో, అంగుళాల్లో, డిగ్రీల్లో. అది ఎంత ఉందో ఆ నిమిషం దాకా నాకు తెలియదు.

ఆమె రైలు కిందికి వెళ్ళిపోయింది. మాది పైకి కదిలింది. కండక్టరు వచ్చింది, నా ఈడు మనిషి. అద్దం కొట్టినందుకు కోప్పడబోయి నా ముఖం చూసి ఆగింది.

"నా భార్య ఆ రైల్లో ఉంది," అన్నాను ఇంగ్లీషులో.

"కంగారు పడకండి. ఆమెకు ఫోన్ చేసి జంక్షన్లో దిగమని చెప్పండి."

"ఫోన్ నా దగ్గరుంది."

"అయితే బోర్డు చూసి దిగుతారులెండి."

ఇంక వేరే దారి లేదు.

"ఆమెకు కళ్ళు కనబడవు," అన్నాను. "నా భార్య బ్లైండ్."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. ఎవరికో, ఆ దేశంలో, రైల్లో నిలబడి, ఆమె లేనప్పుడు అన్నాను.

కండక్టరు ఇంకేమీ అడగకుండా ఫోన్ తీసింది. "కర్ర ఉందా ఆమె దగ్గర?"

"ఉంది. హోటల్లో."

నన్నొకసారి చూసి, పెట్టె నెంబరు తెలుసా అంది. చెప్పాను. వరస, కిటికీ వైపు, అన్నీ చెప్పాను. ఆ రైలు కండక్టరుతో వాళ్ళ భాషలో మాట్లాడింది. అవతలి మాట విన్నది. ఆమె పెదవుల మీద నవ్వు రాబోయి ఆగిపోయింది.

"క్షేమంగా ఉన్నారు. జంక్షన్లో దింపి కూర్చోబెడతామంటే రానంటున్నారట. భర్త కదలవద్దన్నాడని చెబుతున్నారట."

నేను పుస్తకం తెరిచి పట్టుకున్నాను.

"అలాగే కూర్చోనివ్వమన్నాను. ఆ రైలు కింది ఊరికి వెళ్ళి, 5.16కి జంక్షనుకు తిరిగొస్తుంది. మీరు ఈ రైల్లోనే వెనక్కి వెళ్ళి 5.12కి అక్కడ దిగండి. దిగి, ఈసారి కదలకండి."

ఆ ఫోన్లో ఆమెతో ఒక్క మాట మాట్లాడించమని అడగవచ్చునని నాకు తట్టనే లేదు.

చివరి స్టేషనుకు 4.45కి చేరాం. నాలుగు నిమిషాలు ఆగుతుంది. తలుపు దగ్గర నిలబడి చూశాను. స్టేషను పైకప్పు దాటగానే చిన్న గట్టు, గట్టు మీద బెంచీ, వెనక కొండ. కొండ నెత్తిన ఇంకా కొంచెం వెలుగుంది. కింద అంతా నీలంగా అయిపోయింది. ప్లాట్‌ఫారం చివరి నుంచి బెంచీకి నూట నలభై మీటర్లు, ఆమె నడకకు మూడు నిమిషాలు. అలా రాసుకున్నాను, అంతే ఉంది. నేను దిగలేదు. సంచిలో రెండు ఫోన్లున్నాయి. ఫోటో కూడా తీయలేదు. ఆమె లేకుండా ఆ బెంచీని చూసిన ఆ నాలుగు నిమిషాలను ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

5.12కి జంక్షన్లో దిగి, కదలకుండా నిలబడ్డాను. 5.16కి రైలు వచ్చింది. చివరి నుంచి మూడో పెట్టె. ఎక్కి, ఆమెకు పక్క నుంచి కాకుండా, చుట్టూ తిరిగి ఎదుటి సీటులోకి వెళ్ళి కూర్చున్నాను.

ముందు నా చేతులు చూసింది. తరువాత ముఖం.

"వంతెన వచ్చిందా?" అంది.

తల ఊపాను.

"ఎంతసేపు తీశారండీ వంతెన. చీకటి పడిపోయింది." గొంతు మామూలుగానే ఉంది. డబ్బా మూత తీయబోతే చేతిలోంచి జారి కింద పడింది. దొర్లుకుంటూ ఎటు పోయిందో ఆమెకు తెలియలేదు. నేను వంగి తీసి ఇచ్చాను. డబ్బాలో సగం బ్రెడ్డు ముక్కలు అలాగే ఉన్నాయి. "మీ వాటా," అంది.

ఆ రైలు మళ్ళీ పైకే వెళ్ళాలి. చీకట్లో అక్కడ చూసేదేమీ లేదు. ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దిగి, ప్లాట్‌ఫారం మీద కిందికి వెళ్ళే రైలు కోసం కూర్చున్నాం. అప్పుడు అడిగాను.

"చివరి స్టేషన్లో నీ రైలు నాలుగు నిమిషాలు ఆగింది. దిగలేదా?"

"అదే చివరిదని తెలిసింది. అందరూ దిగిపోయారు. తలుపు తెరిచి ఉంటే చలిగాలి వచ్చింది. మంచు వాసన వేసింది. లేచాను కూడా. తలుపు దాకా వెళ్ళాను. మీరొచ్చి చూసేసరికి సీటు ఖాళీగా ఉంటే మీరేమైపోతారోనని మళ్ళీ వచ్చి కూర్చున్నాను."

ఆమె నా భుజం మీద తల ఆనించి, "కదలొద్దన్నారుగా," అంది, తప్పు నాదేనని కాదు, ఊరికే, సమాధానం చెబుతున్నట్టు.

మరునాడు ఉదయం విమానం ఎక్కాం. ఇంకోసారి వెళదామని నేనన్నాను. ఆమె సరేనంది. ఇద్దరం మా మా లెక్కల్లో ఉండిపోయాం.

మా ఇంట్లో ప్రతి సాయంత్రం నేను ఆ రోజు డైరీ పైకి చదువుతాను. ఆమె కూరగాయలు తరుగుతూ వింటుంది, తప్పులుంటే దిద్దుతుంది. నవంబరు 1 నాటి పేజీ కూడా చదివాను. 4.31 దగ్గర ఒక పేరా, 4.45 దగ్గర ఒక పేరా వదిలేసి చదివాను. ఆమె కత్తి ఆగలేదు.

డిసెంబరు నాటికి కుర్చీ గోడను తాకింది. పదిహేను అడుగులు. పది డిగ్రీలకు మా టీవీ పూర్తిగా పట్టాలంటే పదిహేడున్నర అడుగులు కావాలి. గోడకు అవతల పక్కింటివాళ్ళున్నారు. ఆ నెలాఖరులో, అందరూ పెద్ద టీవీలు మోసుకుపోతున్న కొట్లో, ముప్పై రెండంగుళాలది ఒకటి కొని తెచ్చాను. పెద్దదాన్ని కిందిగదిలో పెట్టాను.

జనవరి 1న టేపు పట్టి కొలిచాను. కుర్చీ ముందుకొచ్చింది. పదమూడు అడుగుల నాలుగంగుళాలు. చాలా ఏళ్ళ తరువాత తెర నాలుగు మూలలూ కనబడుతున్నాయని, ఆ పాట పెట్టమంది. పెట్టాను. ఇటలీ మెట్లు, ఆస్ట్రియా ఫౌంటెను, వంతెన, అన్నీ అయ్యాయి. చివర పసుపు చీర వెనక్కి తిరిగేచోట, "అక్కడ ఆపండి," అంది.

ఆపాను. కుర్చీలో కొంచెం ముందుకు వంగింది. ఆమె చూస్తున్నది కథానాయికను కాదు. తెర ఎడమ మూలను చూస్తోంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆమె గొట్టంలో పడని మూల అది. అక్కడ ఒక పైకప్పు అంచు, దాని కింద రైలు పెట్టె ముక్క ఉన్నాయి.

"అది స్టేషనేనా?"

"అవును."

"నా రైలు ఆగింది అక్కడేగా."

"అవును."

చాలాసేపు చూసింది. ఆమె నా వైపు తిరిగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పూర్తిగా తిరగవలసి వచ్చింది.

"రైలు దిగితే బెంచీకి ఎంత దూరమండీ? మీ పుస్తకంలో ఉంటుందిగా."

పుస్తకం సొరుగులో ఉంది. తీసి చూడనక్కర్లేదు.

"రెండు కిలోమీటర్లు," అన్నాను. "ఎక్కుడు దారి. తెరమీద దగ్గరగా కనబడుతుంది గాని, అది కెమెరా. నువ్వు దిగినా చేరేదానివి కాదు."

నా ముఖం వెతికి పట్టుకుని, కళ్ళలోకి చూసింది. ముప్పై ఏళ్ళలో నేను ఆమెకు తప్పుడు లెక్క చెప్పలేదు. ఒక నిమిషం కూడా అటూ ఇటూ చెప్పలేదు.

"అంత దూరమా," అంది.

"అంత దూరమే."

"అయితే సరే."

తెరవైపు తిరిగి, కుర్చీలో వెనక్కి వాలి, పాటను మొదటినుంచి మళ్ళీ పెట్టమంది.